ఊక కుప్ప మీద మంచు నడక: పర్లాకిమిడి బుట్టచెప్పుల డైరీ

మంచులో నడిచే బుట్టచెప్పుల కోసం వంచిన మొదటి ఆరు వెదురు ఫ్రేముల్లో ఐదు విరిగాయి. డైరీ అక్కణ్ణించే మొదలుపెడుతున్నాను. అంతకు ముందు మాట్లాడుకున్నవి, వేసుకున్న ప్లాన్లు ఎవరికీ పనికిరావు.

మా నడక బృందంలో 11 మంది. అందరికన్నా చిన్నమ్మాయికి 19, పెద్దాయనకి 58. ఎక్కువమంది పర్లాకిమిడిలోనే ఉంటాం. ఇద్దరు గుణుపురం నుంచి, ఒకరు పాతపట్నం నుంచి వస్తారు. ఏటా చలికాలంలో మహేంద్రగిరి, దేవమాలి ఎక్కుతాం. ఈసారి ఫిబ్రవరిలో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కాంఠా వైపు మంచులో నడవాలని, అందుకు కావలసిన స్నోషూలు (మంచులో కాలు దిగబడకుండా బూటు కింద కట్టుకునే వెడల్పాటి చెప్పులు, మా మాటల్లో బుట్టచెప్పులు) మేమే తయారుచేసుకోవాలని అనుకున్నాం. జపాన్‌లో కంజికి అనే మంచు చెప్పులను వెదురుతోనూ, సన్నని కొమ్మలతోనూ వంచి కట్టుకుంటారు. వెదురు మా దగ్గరా ఉంది, వంచేవాళ్ళూ ఉన్నారు. లేనిది మంచు ఒక్కటే. ఒడిశాలోని మా గజపతి జిల్లాలో మంచు అంటే పొగమంచే. అందుకని ప్రతి పరీక్షకీ ఊళ్ళోనే ఏదో ఒక బదులు వెతుక్కోవాల్సి వచ్చింది.

స్నోషూ పని ఇది. నా బరువు 68 కిలోలు. సంచీ, బట్టలు, బూట్లు కలిపితే 80. బూటు అడుగు వైశాల్యం కొలిస్తే సుమారు 230 చదరపు సెంటీమీటర్లు వచ్చింది. అంటే ఒంటికాలి మీద నిలబడ్డప్పుడు ఒక్కో చదరపు సెంటీమీటరు మీద 350 గ్రాముల దాకా పడుతుంది. వైశాల్యం నాలుగైదు రెట్లు పెంచితే ఆ బరువు 80 గ్రాముల దగ్గరికి దిగుతుంది, కాలు అంత లోతుకి దిగదు. దీని వెనకున్న లెక్క ఇంతే. కష్టమంతా చేతిపనిలో ఉంది.

దశ 1: ఫ్రేము (సెప్టెంబరు 8 – అక్టోబరు 2)

మా కొండల్లో దొరికే గట్టి వెదురు, లోపల డొల్ల బాగా తక్కువగా ఉండే రకం, 6 గడలు కొన్నాం. ఒక్కోటి 90 రూపాయలు. బద్దలుగా చీల్చి, గ్యాస్ స్టవ్ మీద వేడిచేసి వంచాం. ఆకారం గుండ్రం: 45 సెంటీమీటర్ల పొడవు, 32 వెడల్పు. ఆరింటిలో ఐదు వంపు దగ్గర పగిలాయి.

విరిగిన ముక్కలు పట్టుకుని బుట్టలల్లే తాత దగ్గరికి వెళ్ళాను. ఆయన ఒక ముక్కని వేళ్ళ మధ్య తిప్పి చూశాడు.

"ఏటి బాబూ, ఎండిపోయిన బద్దని మంట మీద ఎడితే ఒంగుతాదా? నానబెట్టినారా?"

"లేదు తాతా. గ్యాస్ మీద వేడి చేశాం."

"మంట కాదు, సెగ కావాల. పైతోలు లోపలికెట్టి ఒంచీసినారు. అది బయటికుండాల."

మూడు తప్పులూ ఒక్క నిమిషంలో చెప్పేశాడు. రోజుకి 600 రూపాయల కూలీకి మాతో పనిచేయడానికి ఒప్పుకున్నాడు. డబ్బు మిగులుతుందని మొదట ఆయన్ని పిలవలేదు. అలా రెండు వారాలు పోయాయి.

తాత దగ్గర నేర్చుకున్న వరస:

1. బద్ద పొడవు 165 సెంటీమీటర్లు, వెడల్పు 24 మిల్లీమీటర్లు.
2. మహేంద్రతనయ ఏట్లో నాలుగు రోజులు నానబెట్టాలి, పైన రాయి పెట్టి. నీళ్ళలో పిండిపదార్థం పోయి తర్వాత పురుగు పట్టడం కూడా తగ్గుతుంది.
3. మందం అంతటా 11 మిల్లీమీటర్లు. ముందు వంపు వచ్చే 30 సెంటీమీటర్ల మేర మాత్రం లోపలివైపు చెక్కి 7కి దించాలి.
4. నిప్పుల సెగ మీద ముందుకీ వెనక్కీ లాగుతూ ఉండాలి. చేత్తో పట్టుకోలేనంత వేడెక్కాక గోనె గుడ్డతో పట్టి వంచాలి.
5. పలక మీద కొట్టిన మేకుల మధ్య బిగించి రెండు రోజులు వదిలేయాలి.

రెండో విడతలో 8 వంచాం, 2 పగిలాయి. రెండూ కణుపు దగ్గరే. ఆ తర్వాత వంపు వచ్చే చోటికి అటూ ఇటూ 8 సెంటీమీటర్లలో కణుపు లేకుండా బద్ద ఎంచుకున్నాం. మూడో విడతలో 12 వంచితే 1 పగిలింది.

ఆకారం కూడా మార్చాం. గుండ్రటివి వేసుకుని నడిస్తే ఒక చెప్పు అంచు ఇంకో చెప్పు మీద పడుతోంది. తప్పించుకోవడానికి కాళ్ళు ఎడంగా పెట్టి నడిస్తే పది నిమిషాలకే గజ్జల్లో నొప్పి. కొత్త కొలత 62 సెంటీమీటర్ల పొడవు, 21 వెడల్పు, వెనక తోకలా కలిసేది. వైశాల్యం సుమారు 1,040 చదరపు సెంటీమీటర్లు.

*ఇప్పటిదాకా: వంచినవి 26, పగిలినవి 8, పనికొచ్చేవి 17 (గుండ్రటిది ఒకటి లెక్కలో లేదు). ఖర్చు: గడలు 540, కూలీ 2 రోజులు 1,200. మొత్తం 1,740 రూపాయలు.*

దశ 2: అల్లిక, ఊక పరీక్ష (అక్టోబరు 6 – 27)

ముందు ఏటి ఇసుకలో పరీక్షించాం. పనికిరాలేదు. పొడి ఇసుక కాలి కింద పక్కకి జారుతుంది గానీ నొక్కుకుపోదు. బూటుతో 6 సెంటీమీటర్లు, చెప్పుతో 2. ఆ తేడా చూసి ఏ నిర్ణయమూ తీసుకోలేం.

ఊక సంగతి పాతపట్నం మిత్రుడికి తట్టింది. వాళ్ళ బంధువులకి రైసు మిల్లు ఉంది. 15 లీటర్ల నూనె డబ్బా నిండా ఊక పోసి తూస్తే 1.7 కిలోలు. అంటే ఘనపు మీటరుకి సుమారు 113 కిలోలు. కొత్తగా పడిన మంచు సాధారణంగా 50 నుంచి 100 కిలోల మధ్య ఉంటుంది, గాలికి కూర్చుకుపోతే 200 దాటుతుంది. బరువులో ఊక దానికి దగ్గరగానే ఉంది. మిల్లు వెనక కుప్ప ఒక మనిషి ఎత్తు ఉంది. ముక్కుకి తువ్వాలు కట్టుకుని ఎక్కాం. మాస్కులు తప్పనిసరి అని ఆ రోజు సాయంత్రం దగ్గుతుంటే తెలిసింది.

సెంటీమీటర్లు గీసిన కర్రతో, 80 కిలోల బరువుతో, ఒక్కోదానికి పది అడుగుల సగటు:

బూటు మాత్రమే: 34 సెంటీమీటర్లు.
5 సెంటీమీటర్ల సందులతో నైలాన్ తాడు అల్లిక: 19.
వెదురు పేళ్ళతో దగ్గరగా, 13 వరసల అల్లిక: 12.

12 చూసి అందరికీ సంతోషం. 16 చెప్పులూ దగ్గర అల్లికతోనే చేయించాం. ఇది తప్పు నిర్ణయం. ఎందుకో మంచులో దిగాకే తెలిసింది, దశ 6లో రాశాను. మా పనిని అనుసరించేవాళ్ళు ఇక్కడ ఆగి ముందు అది చదవండి.

తాళ్ళ సంగతి వేరేగా చెప్పాలి. మొదట గోగునార తాడు వాడదామనుకున్నాం, చవక, ముడి జారదు. చేపల బజారులో ఐసు పెట్టెలో ఒక రాత్రి ఉంచమని ఇచ్చాం. తెల్లారి చూస్తే నీళ్ళు పీల్చి కర్రలా బిగుసుకుపోయింది, ముడి విప్పలేకపోయాం. కొబ్బరి తాడూ అంతే. నైలాన్ తాడు నీళ్ళు పెద్దగా పట్టుకోలేదు.

*ఖర్చు: తాడు 860, కూలీ 3 రోజులు 1,800. మొత్తం 4,400 రూపాయలు. ఒక్కో చెప్పు బరువు 760 గ్రాములు.*

బరువు రాయడం మానొద్దు. కాలికి కట్టిన బరువు వీపు మీద మోసేదానికి దాదాపు ఐదు రెట్లు శ్రమ పెడుతుందని నడక మీద పనిచేసినవాళ్ళు చెబుతారు. మా గుండ్రటి చెప్పు 1,150 గ్రాములు ఉండేది. రెండు కాళ్ళకీ కలిపి 780 గ్రాములు తగ్గించామంటే వీపు మీంచి నాలుగు కిలోలు దించినట్టే.

దశ 3: పట్టీలు, పళ్ళు (నవంబరు 3 – 20)

స్నోషూలో అసలు కీలకం ఇక్కడే. బూటు ముందు భాగం మాత్రమే చెప్పుకి అంటి ఉండాలి, మడమ స్వేచ్ఛగా లేవాలి. అడుగు ఎత్తినప్పుడు చెప్పు ముక్కు పైకి తిరిగి, తోక నేలని రాసుకుంటూ రావాలి. బొటనవేలి దగ్గర సందు లేకపోతే బూటు ముక్కు అల్లికకి తగిలి మనిషి ముందుకి పడతాడు. మొదటి జత వేసుకుని నేను మిల్లులో అలాగే పడ్డాను. సందు 11 సెంటీమీటర్లకి పెంచాక సరిపోయింది.

పట్టీకి పాత సైకిల్ ట్యూబు ముక్కలు వాడాం. సాగుతాయి, బూటుకి పట్టుకుంటాయి, డబ్బు పెట్టక్కర్లేదు. మడమ వెనక నైలాన్ పట్టీ, ప్లాస్టిక్ బకిల్.

వెదురు నున్నగా ఉంటుంది కాబట్టి వాలులో జారుతుంది. వెల్డింగ్ షాపులో 3 మిల్లీమీటర్ల ఇనుప బద్దకి రంపపు పళ్ళలా కోయించి, బూటు ముందు భాగం కిందకి వచ్చేలా అడ్డంగా కట్టాం. ఒక్కోటి 60 రూపాయలు, 140 గ్రాములు. దీంతో చెప్పు 900 గ్రాములైంది. బాధేసింది గానీ పళ్ళు లేకుండా వాలులో అడుగు పెట్టకూడదు.

*ఖర్చు: పట్టీలు, బకిళ్ళు 1,520. పళ్ళు 17కి 1,020. మొత్తం 6,940. తడి పీల్చకుండా రెండు పూతల వార్నిష్ 420. మొత్తం 7,360 రూపాయలు. 8 జతలు, ఒక విడి చెప్పు. జతకి 920.*

దశ 4: ఐస్‌క్రీం ఫ్రీజరు (నవంబరు 24)

తెలిసినవాళ్ళ ఐస్‌క్రీం దుకాణంలో ఫ్రీజరు మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటుంది. రాత్రి దుకాణం మూశాక సామాన్లు పెట్టి, పొద్దున్నే తీశాం.

సైకిల్ ట్యూబు గట్టిపడింది గానీ విరగలేదు. చవక బకిళ్ళు నాలుగింటిలో ఒకటి నొక్కగానే చిట్లింది, ఆ రకం మొత్తం మార్చేశాం. తలకి కట్టుకునే లైట్ల వెలుగు సగానికి పడిపోయింది. బ్యాటరీలు చొక్కా లోపల ఒంటికి ఆనించి ఉంచుకుంటేనే పనిచేస్తాయి, ఫోన్లూ అంతే.

తిండి కూడా పెట్టాం. పల్లీ చిక్కీ పళ్ళు ఊడేంత రాయి. నువ్వులుండ, ఖర్జూరం కూడా కొరకలేకపోయాం. వేయించిన పల్లీలు, అటుకుల మిక్చరు, పొడిచేసిన బెల్లం మాత్రం మామూలుగానే ఉన్నాయి. ఆ మూడూ లిస్టులో పెట్టాం. పొద్దుటికి వేడివేడి చోడి (రాగి) అంబలి, చోడిపిండి తీసుకెళ్ళి అక్కడే కాచుకునేలా.

దశ 5: మనుషులు (డిసెంబరు – జనవరి)

చెప్పులకి మూడు నెలలు పట్టింది. మనుషుల్ని ఒక గుంపుగా నడిపించడం అంతకన్నా కష్టమైంది.

*మహేంద్రగిరి, డిసెంబరు 8.* శిఖరం ఎత్తు 1,501 మీటర్లు. కొయిన్‌పూర్ వైపు నుంచి చీకటితోనే బయల్దేరాం. నైస్మిత్ లెక్క అని ఒకటుంది: గంటకి 5 కిలోమీటర్లు, పైకెక్కే ప్రతి 600 మీటర్లకి మరో గంట. దాని ప్రకారం మాకు 3 గంటల 40 నిమిషాలు రావాలి. చివరి మనిషి చేరేసరికి 5 గంటల 10 నిమిషాలు. అంటే 1.4 రెట్లు. మొదటివాడికీ చివరివారికీ మధ్య 48 నిమిషాల దూరం. ముందు చేరినవాళ్ళు చలిగాలిలో వణుకుతూ కూర్చున్నారు, వెనకవాళ్ళు ఒక్క నిమిషం కూడా ఆగకుండా పరుగెత్తుకొచ్చారు. ఇద్దరికీ నష్టమే. ఇదే మంచులో జరిగితే ఏమవుతుందో ఊహించుకుని ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

దారిలో ఒక సవర పెద్దాయన మోపు నెత్తిన పెట్టుకుని మమ్మల్ని దాటి వెళ్ళాడు. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకుని దానికోసం పాటుపడింది మా పర్లాకిమిడిలోనే, అయినా మాలో ఎవరికీ ఆ భాష రాదు. ఒడియాలో అడిగితే చెప్పాడు: ఆయాసం వచ్చేంత వేగం ఎప్పుడూ పోడట, అందుకే ఆగడట. పెద్ద సూత్రాలు వెతుక్కుంటున్న మాకు అది బాగా పనికొచ్చింది. తర్వాతి నడక నుంచి నియమం మార్చాం: పక్కవాళ్ళతో పూర్తి వాక్యం మాట్లాడగలిగే వేగమే వేగం. అందరికన్నా నెమ్మదిగా నడిచేవారు ముందు నుంచి రెండో స్థానంలో. చివర్లో ఒకరు కాపలా, ఆయన్ని దాటి వెనక ఎవరూ ఉండకూడదు. 50 నిమిషాలకొకసారి 5 నిమిషాల ఆగుడు, ఆగగానే స్వెట్టరు వేసుకోవడం, కదిలే ముందు తీసేయడం.

ఆ రోజే ఇంకో కొలత తీసుకున్నాం. నా నూలు బనియను పొడిగా 140 గ్రాములు, పైకి చేరాక 310. పక్క మిత్రుడి పాలిస్టరు టీషర్టు 120 నుంచి 165. మూడు గంటల తర్వాత కూడా నా బనియను తడిగానే ఉంది. 170 గ్రాముల చెమట ఒంటికి అంటుకుని ఉంటే పైన ఎన్ని స్వెట్టర్లు వేసుకున్నా వణుకు ఆగదు. ఇంట్లో పెద్దవాళ్ళు "నూలే మంచిది" అంటారు. మన ఎండలకి అది నిజం. మంచులో మాత్రం ఒంటికి తగిలే పొరలో నూలు వద్దని ఆ రోజు నుంచి గట్టిగా రాసుకున్నాం. మంకీ క్యాపు ఉన్ని అయితే సరే.

*దేవమాలి, డిసెంబరు 28–29.* 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తు. టెంట్లలో ఒక రాత్రి. తెల్లవారుజామున ఛాతీ ఎత్తులో థర్మామీటరు 3 డిగ్రీలు చూపించింది, గడ్డి మీద మాత్రం మంచు తెల్లగా పేరుకుంది. ఇద్దరికి రాత్రంతా నిద్ర లేదు. రగ్గులు మందమైనవే, కింద చాప పల్చనిది. చలి పైనుంచి కన్నా నేల నుంచి ఎక్కువ లాగుతుంది. అందరికీ కింద రెండు ఫోము చాపలు తప్పనిసరి చేశాం. మొదటివారికీ చివరివారికీ మధ్య దూరం ఈసారి 9 నిమిషాలు.

ఈ దశలో ముగ్గురు తగ్గారు. ఒకరికి మోకాలు, ఒకరికి పరీక్షలు, ఒకరికి బీపీ వల్ల డాక్టరు వద్దన్నారు. బాధగానే ఉంది, కానీ ఊళ్ళోనే తెలియడం మంచిదైంది. 58 ఏళ్ళ పెద్దాయన మిగిలారు, అందరికన్నా ఒకే తీరుగా నడిచేది ఆయనే.

*జనవరి 12, ఇంట్లో మీటింగు.* 2024 జూన్‌లో ఉత్తరకాశీ ప్రాంతంలోని సహస్రతాల్ దారిలో 22 మంది బృందం వాతావరణం తిరగబడి చిక్కుకుపోయింది, 9 మంది చనిపోయారు. వేసవి నెలలో అలా జరిగింది. దాని గురించి ఒక పూట మాట్లాడుకున్నాం. తీసుకున్న నిర్ణయాలు: వెనక్కి తిరిగే టైము ముందే రాసుకోవాలి, ఎంత దగ్గరగా ఉన్నా అది దాటకూడదు. స్థానిక గైడ్లు ఇద్దరు, ఎవరికైనా బాగోలేకపోతే ఒకరు వాళ్ళతో దిగడానికి. గైడు వద్దంటే వాదించకూడదు. మంచు చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో జారతాయి కాబట్టి మా చెప్పుల సాధన 20 డిగ్రీల లోపు వాలులోనే. ఫోనులో వాలు కొలిచే యాప్ ప్రతి ఒక్కరికీ.

*లెక్క: బృందం 11 నుంచి 8. సాధన నడకలు 2, ఊక మీద 5 పూటలు.*

దశ 6: మంచులో (ఫిబ్రవరి)

గోనెసంచిలో ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన చెప్పులతో విశాఖ, ఢిల్లీ, డెహ్రాడూన్. అక్కణ్ణించి నడక మొదలయ్యే సంక్రీ ఊరి వరకు పొద్దుట నుంచి సాయంత్రం దాకా జీపు. అటవీశాఖ పర్మిట్ పని గైడ్లు చూశారు.

*మొదటి రోజు, సంక్రీ నుంచి జూడా కా తాలాబ్ అనే చెరువు దాకా.* చెప్పులు వీపు మీదే. చాలామంది నడిచిన బాట కాబట్టి మంచు గట్టిగా తొక్కుకుపోయి, కొన్నిచోట్ల గాజులా ఉంది. అలాంటి దారిలో స్నోషూ వల్ల లాభం లేదు. బూట్లకి తొడిగే ఇనుప మైక్రోస్పైక్‌లే కావాలి, సంక్రీలో అద్దెకు తీసుకున్నాం. పేరున్న బాట మీదే నడిచి వచ్చేవాళ్ళయితే బుట్టచెప్పులు చేసుకోనే అక్కర్లేదు. ఇది మాకు ముందే తెలిసి ఉండాల్సింది. బాట వదిలి మెత్తటి మంచులో నడవాలనుకున్నప్పుడే వాటి పని.

*రెండో రోజు.* రాత్రి కొత్త మంచు పడింది. గైడు చూపించిన చదునైన మైదానంలో దిగాం. కర్రతో కొలత: బూటుతో 41 సెంటీమీటర్లు, బుట్టచెప్పుతో 14. మొదటిసారి ఆ మెత్తటి తెలుపు మీద తేలినట్టు నిలబడినప్పుడు 19 ఏళ్ళ అమ్మాయి ఏడ్చేసింది. నాకూ గొంతు పట్టేసింది.

పది నిమిషాలకే కాళ్ళు లేవడం మానేశాయి. దగ్గరగా అల్లిన పేళ్ళ మీద మంచు పేరుకుని, నొక్కుకుని, రాలడం లేదు. సామాను తూచే చిన్న త్రాసుకి తగిలించాం: 900 గ్రాముల చెప్పు 1,950 చూపించింది. ఊక పొడిగా ఉంటుంది, అల్లిక సందుల్లోంచి జారిపోతుంది. అందుకే మిల్లులో సందులు తగ్గిస్తే లాభం కనిపించింది. మంచు రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. సందులున్నా చెప్పు కింది మంచు వాటిలోంచి జారదు, పైన పడ్డది మాత్రం ఆ సందుల్లోంచి రాలిపోతుంది. పాతకాలం స్నోషూలన్నీ వలలా ఎందుకు ఉంటాయో అప్పుడు అర్థమైంది.

ఆ రాత్రి టెంటులో లైటు వెలుగులో కత్తితో 13 వరసల్లో 6 తీసేశాం, ఒకటి విడిచి ఒకటి, అన్ని చెప్పులకీ. మర్నాడు లోతు 16, పేరుకున్న మంచుతో బరువు 1,080 దాటలేదు. రెండు సెంటీమీటర్లు ఎక్కువ దిగినా దాదాపు 900 గ్రాముల బరువు పోయింది.

*మూడో రోజు, వరస నడక.* ముందు నడిచేవారు దారి తొక్కాలి, మిగతావాళ్ళు ఆ అచ్చులోనే అడుగు వేయాలి. ఒక్కరే ముందుండి 25 నిమిషాల్లో 260 మీటర్లు నడిపి కూలబడ్డారు. తర్వాత 60 అడుగులకొకసారి ముందువారు పక్కకి తప్పుకుని, అందరూ దాటాక చివర చేరే పద్ధతి పెట్టాం. అదే 25 నిమిషాల్లో 410 మీటర్లు. ఒక సంగతి ముందే అనుకోలేదు: ముందువారికి చెమట పడుతుంటే, చివరివారు తొక్కిన దారిలో శ్రమ లేక చలికి బిగుసుకుపోతారు. మార్పిడి వల్ల ఆ తేడా కూడా తగ్గింది.

పాడైనవి:

1. ముందు వంపు దగ్గర పగుళ్ళు 2 చెప్పులకి. మంచు కింద పడి ఉన్న దుంగ మీద మధ్యలో ఆనినప్పుడు. దారానికీ టేపుకీ ఆగాయి.
2. ఇనుప పళ్ళ వెల్డింగ్ 1 ఊడింది, అడ్డ వాలులో. విడి చెప్పుతో మార్చాం.
3. సైకిల్ ట్యూబు ముడులు 3 ఐసు పట్టి విప్పలేకపోయాం. చేతి తొడుగులు తీసి విప్పడానికి నాలుగు నిమిషాలు పట్టింది, వేళ్ళు తెల్లబడ్డాయి. ముడి వద్దు. తొడుగులతోనే లాగగలిగేలా వేలెడు ఉంగరం ఉన్న కొక్కెం కావాలి.
4. నల్లద్దాలు మర్చిపోయిన ఒకరికి సాయంత్రానికి కళ్ళలో ఇసుక పోసినట్టు మంట. కొత్త మంచు తన మీద పడ్డ ఎండని చాలావరకు తిప్పి కొడుతుంది, మబ్బున్నా అంతే.

*నాలుగో రోజు.* పై క్యాంపులో ఒకరికి తలనొప్పి, వికారం. ఎత్తు వల్లేనని గైడు వెంటనే కిందకి తీసుకెళ్ళాడు. ఒక గంటలో ఆయన తేరుకున్నారని కబురొచ్చింది. మిగతా ఏడుగురం తెల్లవారుజామున 3.40కి మైక్రోస్పైక్‌లతో బయల్దేరాం. వెనక్కి తిరగాలని రాసుకున్న టైము పొద్దున్న 9 గంటలు. 8.20కి పైవాలు మీద గాలికి కొట్టుకొచ్చి పేరుకున్న మంచు చూసి గైడు ఆగిపోయాడు. ఫోనులో ఆ వాలు 34 డిగ్రీలు. శిఖరం 3,810 మీటర్లు. పైన మనుషులు నిలబడే చోటు కనిపిస్తూనే ఉంది. పెద్దాయన కాసేపు దాన్నే చూసి, "పదండి నాయనా" అని ముందు తనే వెనక్కి తిరిగారు. ఎవరూ వాదించలేదు.

దశ 7: తిరిగొచ్చాక (మార్చి)

పగిలిన రెండు చెప్పులూ తాతకి చూపించాను. మంచు ఎలా ఉంటుందని అడిగాడు, ఫోనులో వీడియో చూపిస్తే మళ్ళీ మళ్ళీ చూశాడు. తర్వాత పగులు మీద గోరు పెట్టి, "ఇక్కడ ఒంటి బద్ద సాలదు బాబూ, లోపల ఇంకో పేడు జోడించాల" అన్నాడు.

వచ్చే ఏడాదికి మార్పులు:

1. ముందు వంపు లోపల 4 మిల్లీమీటర్ల పేడు, 35 సెంటీమీటర్ల పొడవు, నైలాన్ దారంతో చుట్టి. అంచనా బరువు 40 గ్రాములు అదనం.
2. అల్లిక 7 వరసలే. బరువు ఆ మేరకు దిగుతుంది.
3. ఇనుప పళ్ళకి వెల్డింగ్ బదులు రెండు బోల్టులు.
4. ముడులు పూర్తిగా తీసేసి ఉంగరం కొక్కేలు.
5. 60 కిలోల లోపువారికి 54 సెంటీమీటర్ల చిన్న ఫ్రేము. అందరికీ ఒకే సైజు చేయడం వల్ల ఇద్దరు అనవసరంగా బరువు మోశారు.
6. నల్లద్దాలు, మనిషికి రెండు జతలు.

*చివరి లెక్క: చెప్పులు 17. బాగున్నవి 14, బాగుచేయాల్సినవి 3. ఖర్చు 7,360. మంచులో చెప్పులు వేసుకున్నది మొత్తం 9 గంటలు. శిఖరం చేరినవారు లేరు. ఇంటికి చేరినవారు 8.*

నిన్న కొత్త బద్దలు 12 ఏట్లో వేశాం. నాలుగో రోజు తీయాలి, అంటే గురువారం.